గ్రామారోగ్య పరిశోధనలో గ్రామ విద్యార్థులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పన్నుల వసూలును గూర్చియు, రికార్డుల నిర్వహణను గూర్చియు మీరు నిన్నటివరకు వినియున్నారు. ఈ పూట మాకు అప్పగించిన విషయము గ్రామ పారిశుద్ధ్యము. మురుగు కాలువలను గూర్చి, చెత్తదిబ్బలను గూర్చి మీకు తెలియనిదేదో మేము పట్టణమునుండి మోసికొని వచ్చితిమని చెప్పుకొనుట హాస్యాస్పదము. కావున కాలువను విడిచి, ఆ కాలువవలన కలుగు కీడును కొలిచి చెప్పవలసిన మనుష్యుని గూర్చి మాట్లాడ దలచితిమి. ఆ మనుష్యుడు ఎక్కడినుండి రావలెను? ఎవరి బిడ్డ కావలెను? ఈ ప్రశ్న అమెరికాలో చాల గట్టిగ చర్చకు వచ్చినది. ముందు ఆ కథ కొంత చెప్పి, పిమ్మట మన ఊళ్ళకు వత్తుము.

రోగము వచ్చిన పిదప చికిత్స చేయువాడు వైద్యుడు. త్రాగు నీరు, పీల్చు గాలి, తిను తిండి, త్రొక్కు నేల, వీనివలన రోగము రాకుండ చూచువారు వేరొక వర్గము. నీటి పరీక్షకులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఆహార తనిఖీదారులు, పురుగుమందుల విషమును కొలుచు రసాయన శాస్త్రజ్ఞులు, ఏ పేటలో ఏ జబ్బు ఎందరికి వచ్చినదో లెక్కగట్టు పరిశోధకులు ఈ వర్గములోనివారే. దీనినే పర్యావరణ ఆరోగ్య సేవ యందురు. ఈ పని చక్కగ జరిగినచో ఊరిలో ఏమియు జరుగదు. ఎవరును మంచము పట్టరు. అందుచేతనే కాబోలు, ఈ పనివారికి పూలదండలు వేయువారు అరుదు.

అమెరికాలో ఈ వర్గములోనివారు చాలవరకు తెల్లజాతివారు. విషపు చెత్త చేరుచోట్ల నివసించువారిలోనో, నల్లజాతివారు, మెక్సికోనుండి వచ్చిన కూలీల కుటుంబములవారు, ఆదిమజాతులవారు తమ జనసంఖ్యకు మించిన పాలు కలిగియున్నారు. కొలుచువారు ఒకచోట, భరించువారు వేరొకచోట నుండుటవలన, కొలువవలసిన వస్తువే కొన్ని సందర్భములలో ఎవరి కంటను పడదు.

1979లో టెక్సాసు రాష్ట్రమున హూస్టను నగరమునందు ఒక మధ్యతరగతి నల్లవారి పేటలో, పాఠశాలకు సమీపమున, చెత్త పూడ్చు క్షేత్రము ఏర్పాటు కానుండెను. పేటవారు దావా వేసిరి. వారి వకీలు లిండా మెకీవర్ బులార్డు. ఆమె భర్త రాబర్టు బులార్డు అచ్చటి టెక్సాసు సదరన్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రోపాధ్యాయుడు. అది నల్లజాతి విద్యార్థులకై వెలసిన విశ్వవిద్యాలయము. నగరపు చెత్త అంతయు మొదటినుండి ఎవరి పేటలకు పోవుచున్నదో తేల్చి చెప్పుమని భార్య భర్తను కోరినది. ఆయన తన తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరెను. అవి కంప్యూటరు పటములు లేని దినములు. పాత దస్త్రములు తిరుగవేయుట, పేటపేటకు పోయి కంటితో చూచి వచ్చుట, పటముపై గుర్తు పెట్టుట, ఇదియే వారి పని. హూస్టను చదునైన ఊరు. దిబ్బ కనబడిన చోటనెల్ల ఆగి విచారించిరి.

లెక్క తేలినది. నగర ప్రభుత్వము నడిపిన చెత్త క్షేత్రములు 5. అయిదును నల్లవారి పేటలలోనే. చెత్త కాల్చు బట్టీలు 8. వానిలో 6 అచ్చటనే. ప్రైవేటువారి క్షేత్రములు 4 అయిన, 3 అచ్చటనే. నగర జనాభాలో నల్లవారో, నాల్గవవంతు మాత్రమే! దావా గెలువలేదు, క్షేత్రము ఆగలేదు. ఈ మాట మేము దాచదలచలేదు. పరిశోధన చేసిన ప్రతి ఊరును గెలిచినదని చెప్పుట ప్రచారమగునుగాని సత్యము కాదు. ఐనను, చెత్త ఎవరి వాకిట చేరుచున్నదో అంకెలతో చూపిన తొలి అధ్యయనములలో నొకటిగ అది మిగిలినది.

ఇచ్చట ఒక చిన్న మాట. మన ఊళ్ళలో చెత్తదిబ్బ ఏ వాడ ప్రక్కన కలదో, మురుగంతయు చివరకు ఎవరి గుడిసెల ముందు నిలుచునో సభ్యులు తమ మనసులో ఒకమారు పటము గీసి చూచుకొందురు గాక.

మూడేండ్ల పిదప, 1982లో, ఉత్తర కెరొలైనా రాష్ట్రమునందలి వారెన్ కౌంటీ అను పల్లెప్రాంతమున వేరొక సంఘటన జరిగినది. పి.సి.బి. అను విషద్రవ్యము కలిసిన నూనెను 1978లో కొందరు దొంగతనముగ వందల మైళ్ళ పొడవున రోడ్ల ప్రక్కల పారబోసిరి. ఆ మట్టిని త్రవ్వి ఎచ్చటనో పూడ్చవలెను గదా! నల్లవారు అధికముగనున్న, బీదదైన వారెన్ కౌంటీని ప్రభుత్వము ఎన్నుకొనెను. అచ్చట భూగర్భజలము పైపైననే కలదని, తమ త్రాగునీరు బావులనుండియే వచ్చునని గ్రామస్థులు మొరపెట్టిరి. వినకపోవుటచే లారీలకు అడ్డముగ రోడ్డుపై పండుకొనిరి. 500 మందికి పైగ నిర్బంధింపబడిరి. లారీలు ఆగలేదు. అయితే మరుసటి సంవత్సరము కేంద్ర ప్రభుత్వపు గణన కార్యాలయము ఆగ్నేయ రాష్ట్రములలో విచారణ జరిపి, అచ్చటి నాలుగు పెద్ద విషవ్యర్థ క్షేత్రములలో మూడు నల్లవారు అధికముగనున్న చోట్లనే కలవని ప్రకటించెను. పూడ్చిన ఆ మట్టిని శుద్ధిచేయు పని ముగియుటకు ఇరువదియేండ్లకు పైగ పట్టినది.

ఆ రాష్ట్రముననే మరియొక విషయము. పెద్ద పెద్ద కంపెనీలవారు వేలకొలది పందులను కొట్టములలో పెంచి, వాని పెంటను చెరువులవంటి గుంటలలో నిలువజేసి, పొలములపై జల్లుదురు. చుట్టుప్రక్కల పల్లెలవారికి కిటికీలు తెరచుకొను భాగ్యము లేదు. స్టీవ్ వింగ్ అను ఆచార్యుడు టిల్లరీ అను పల్లెలోని పౌరసంఘముతో చేయి కలిపి, 2003 మొదలు 2005 వరకు 16 పల్లెలలో ఒక పరిశోధన నడిపెను. 101 మంది గ్రామస్థులు రెండేసి వారములపాటు, దినమునకు రెండుమారులు పది నిమిషములు ఇంటి బయట కూర్చుండి, కంపు ఎంత యున్నదో వ్రాసి, తమ రక్తపుపోటును తామే కొలుచుకొనిరి. కంపు హెచ్చిన వేళల రక్తపుపోటును కొంత హెచ్చినట్లు తేలినది. ఇంటింటికి పోయి వారిని ఒప్పించినవారు ఆ ఊరివారే గాని విశ్వవిద్యాలయమువారు కారు. వేరెవరు పోయినను తలుపు తీసియుండరు.

ఇంతకంటె చిన్నవారు చేసిన పని యొకటి చెప్పవలెను. కాలిఫోర్నియాలో సలీనాసు లోయ కూరగాయల సేద్యమునకు ప్రసిద్ధి. కూలీలు చాలవరకు మెక్సికోనుండి వచ్చినవారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 1999 మొదలు ఆ కూలీ తల్లులను, బిడ్డలను చూచుచు పురుగుమందుల ప్రభావమును పరిశీలించిరి. అచ్చటి హైస్కూలు పిల్లలకే శిక్షణ ఇచ్చి 2013లో మరియొక ప్రయోగము చేయించిరి. ముఖమునకు, జుట్టునకు వాడు పదార్థములలోని రసాయనములు దేహములోనికి ఎంత పోవుచున్నవి? ఇదియే ప్రశ్న. వంద మంది బాలికలు మూడు దినములపాటు తమ మామూలు పదార్థములను మాని, ఆ రసాయనములు లేనివానిని మాత్రమే వాడిరి. మూడే దినములలో మూత్రమునందు కొన్ని రసాయనములు నూటికి 27 మొదలు 45 వంతులవరకు తగ్గెను. ఆ వయసు పిల్ల ఏమి పూసికొనునో, ఏ దుకాణమున కొనునో పెద్ద ప్రొఫెసర్లకు ఎట్లు తెలియును? ప్రశ్నలు తయారుచేయుటలోనే ఆ పిల్లల చేయి యున్నది.

ఇట్టి అనుభవములవలన అచ్చటి విద్యావేత్తలకు ఒక సంగతి తేటపడినది. విషము చేరు పేటలనుండియే పరిశోధకులు రావలెను. వారిని డాక్టరేటు మెట్టుపై నిలుచుండి పిలిచిన లాభము లేదు. అప్పటికే పేదవాని బిడ్డ చదువు చాలించి ఉద్యోగము వెదకికొని యుండును. డిగ్రీ చదువు నడుమనే చేయి పట్టుకొనవలెను. అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ 1987లో డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన పథకమును ప్రారంభించినది. జాతీయ ఆరోగ్య సంస్థలవారు అంతకు ముందే నల్లజాతి మొదలగు వర్గములవారికై మార్కు అను పథకమును నడుపుచుండిరి. 2014లో బిల్డ్ అను పెద్ద పథకము క్రింద పది విశ్వవిద్యాలయములకు నిధులిచ్చిరి. జాతీయ పర్యావరణ ఆరోగ్య విజ్ఞాన సంస్థ ఉన్నది ఉత్తర కెరొలైనాలోనే. ఇంతకు ముందు చెప్పిన వారెన్ కౌంటీనుండి ఒక పూట ప్రయాణము కూడ లేదు.

ఆ వేసవిలో విద్యార్థి చేయు పని యేమి? ఇది కొంచెము వివరముగ చెప్పెదము. ఏలయన, రేపు మన కళాశాలనుండి ఒక పిల్ల సీసా పట్టుకొని మీ ఊరికి వచ్చినపుడు, ఆమె సరిగ చేయుచున్నదో లేదో మీరు చూడగలుగవలెను.

సుమారు పది వారముల శిక్షణ. ప్రతి విద్యార్థికి ఒక గురువు. మొదట నేర్పునది యంత్రములను గూర్చి కాదు, అనుమతిని గూర్చి. ఎవరి నీరు తీసికొన్నను, ఎవరి రక్తము తీసికొన్నను ఎందుకో చెప్పవలెను. వద్దన్నవారిని బలవంతపెట్టరాదు. పేర్లు బయటపెట్టరాదు. తరువాత సీసా కడుగుట. మీరు నవ్వవలదు, సగము తప్పులు సీసాలోనే కలవు. బోరునీటిని పట్టుటకు ముందు కొంతసేపు పంపు కొట్టి, గొట్టములో నిలువయున్న నీటిని వదలివేయవలెను. సీసామీద చోటు, తేదీ, వేళ అప్పుడే వ్రాయవలెను. ఇంటికి పోయి వ్రాయుదమనుకొన్నచో సీసాలు కలిసిపోవును. ప్రతి పర్యాయము శుద్ధజలముతో నిండిన సీసా యొకటి వెంట తీసికొనిపోయి, దానిని కూడ తక్కినవానివలె పరీక్షింపవలెను. అందులో విషము కనబడినచో, దోషము ఊరిది కాదు, పరీక్షించువారిది! ఒకే పంపునుండి రెండు సీసాలు పట్టి, రెండును ఒకే అంకె చూపుచున్నవో లేదో చూడవలెను. ఇన్ని జాగ్రత్తలు లేని అంకెను మా కార్యాలయము అచ్చువేసినను మీరు నమ్మనక్కరలేదు. కడపట విద్యార్థి తాను కనుగొన్నదానిని పెద్ద కాగితముపై పటములతో చూపి, వచ్చినవారి ప్రశ్నలకు నిలుచుండి సమాధానము చెప్పును.

అన్నిటికంటె ముఖ్యమైనది స్టైపెండు. వేసవిలో దుకాణమున పనిచేసి కుటుంబమునకు డబ్బు పంపు విద్యార్థిని, ఊరక వచ్చి విజ్ఞానసేవ చేయుమనుట తగదు. జీతము లేని పరిశోధనకు కలవారి బిడ్డలే వత్తురు. ఈ చిన్న సత్యమును గుర్తించుటయే ఆ పథకములలోని పెద్ద గుణమని మా అభిప్రాయము.

లోపములు లేకపోలేదు. కొన్ని చోట్ల గురువులు విద్యార్థిచేత పది వారములును గాజుసామాను కడిగించి పంపివేయుదురు. శిక్షణ పొందినవారిలో పలువురు మంచి జీతములకై వేరు వృత్తులకు పోవుదురు. కౌంటీ ఆరోగ్యశాఖలో తనిఖీదారు ఉద్యోగము ఎవరికిని ఆకర్షణీయముగ తోచదు. పైపెచ్చు, 2025లో అమెరికా కేంద్ర ప్రభుత్వపు విధానము మారినది. వెనుకబడిన వర్గములవారిని విజ్ఞానరంగమునకు తెచ్చుటకై నడిచిన పథకములు పెక్కింటికి నిధులు నిలిచిపోయినవి. మార్కు పథకము కూడ వానిలోనిదే. కొందరు విద్యార్థులు చదువు నడుమ చిక్కుకొనిరి. ఎన్నో యేండ్లు శ్రమించి పెంచిన తోటకు ఒక్క ఉత్తరువుతో నీరు కట్టివేయవచ్చును. మనకును ఇది తెలియవలసినదే.

ఇక మన సంగతి. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడునన్న విషయము మన దేశమున మొదట వెల్లడియైనది తెలుగునేలమీదనే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములను గూర్చి వైద్యులు వ్రాసిరి. పశువులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను రైతులే ముందుగ గమనించిరని వైద్యగ్రంథములలో కలదు. చూచినవాడు రైతు, వ్రాసినవాడు వైద్యుడు. ఆ రైతు బిడ్డ వ్రాయగలిగి యుండినచో ఎన్ని సంవత్సరములు కలిసివచ్చెడివో! 1955లో నల్లగొండ జిల్లాను గూర్చి వైద్యపత్రికలో వ్యాసము వెలువడినది. 1970 తరువాతి దశాబ్దిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడు గ్రామములలో పిల్లల మోకాళ్ళు లోనికి వంగుటను వర్ణించిరి. ఆ కాలముననే పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతి వెలసి, నల్లగొండ పేరుతోనే లోకమంతట ప్రసిద్ధమైనది. మన జాతీయ ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు మాత్రమే సహింపదగును.

కొన్నేండ్ల క్రిందట మేము ప్రచార వాహనముతో ఒక ఫ్లోరైడు గ్రామమునకు పోయితిమి. చిత్రము చూపితిమి, కరపత్రములు పంచితిమి. ఎర్రరంగు వేసిన చేతిపంపు నీరు త్రాగరాదని గట్టిగ చెప్పితిమి. ఒక ముసలమ్మ లేచి, "ఆ పంపు నీళ్ళే తియ్యగా ఉంటాయి నాయనా! రంగు వేసినవాళ్ళు మళ్ళీ ఈ దిక్కుకు రాలేదు" అన్నది. అందరును నవ్విరి. దళితవాడనుండి వచ్చి వెనుక నిలుచున్న ఒక అమ్మాయి, డిగ్రీలో రసాయనశాస్త్రము చదువుచున్నదట, నవ్వలేదు. "అయ్యా, ఆ నీళ్ళలో ఎంత ఉంది? మా వాడ పంపులో ఎంత ఉంది?" అని అడిగినది. మాయొద్ద బొమ్మలు కలవు, పాటలు కలవు, అంకె మాత్రము లేదు. ఆ రాత్రి వాహనములో తిరిగి వచ్చునపుడు మేమెవరమును మాట్లాడుకొనలేదు.

ఆ అమ్మాయి ఊరకుండలేదు. తన అధ్యాపకుని సాయముతో సెలవులలో ఊరిలోని ప్రతి పంపునుండి, ప్రతి బావినుండి నీరు పట్టి కళాశాలలో పరీక్షించినది. రంగు వేసిన పంపుతోబాటు, రంగు లేని బడి పంపులోను ఫ్లోరైడు హద్దు మించియున్నది. సర్పంచిగారికి మొదట కోపము వచ్చినది. ఊరికి చెడ్డపేరు వచ్చును, పిల్లలకు సంబంధములు కుదరవు అనిరి. ఫ్లోరైడు గ్రామములలో ఆ భయము అబద్ధము కాదు, మేమును ఎరుగుదుము. ఐనను రెండు నెలల పిదప ఆయనయే ఆ పట్టికను మండల కార్యాలయమునకు తీసికొనిపోయి, నల్లానీరు ముందు బడికి రావలెనని పట్టుబట్టిరి. వచ్చినది. బడి పంపు పిడిని ఊడదీసి పంచాయతీ గదిలో పెట్టిరి. మేము తరువాత పోయినపుడు అది అచ్చటనే యున్నది.

మన యొద్ద ఇందుకు మార్గములు లేకపోలేదు. 2014లో ప్రారంభమైన ఉన్నత భారత అభియానము ఉన్నత విద్యాసంస్థలను గ్రామములతో జోడించుటకు ఉద్దేశించినది. ఆంధ్రప్రదేశములో 2020-21 మొదలు డిగ్రీ పాఠ్యప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టును చేర్చిరి. తెలంగాణములో జిజ్ఞాస అను పేర డిగ్రీ విద్యార్థులచేత అధ్యయనములు చేయించిరి. 2019లో ప్రారంభమైన జలజీవన మిషను నియమముల ప్రకారము ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుటలో శిక్షణ ఇయ్యవలెను. మీ ఊరిలో ఆ అయిదుగురు ఎవరో, వారి పెట్టెలోని రసాయనములకు గడువు తీరినదో లేదో, ఇంటికి పోయిన పిదప కనుగొనుడు. కాగితముమీద అయిదు పేర్లుండి పెట్టె బీరువాలో నుండు ఊళ్ళు మేము చూచినవే కలవు.

విద్యార్థులు ఊరికి వచ్చినపుడు పంచాయతీ చేయదగినది కొంత కలదు. బావుల, బోరుల జాబితా వారి చేతికి ఇండు. ఆడపిల్లలు వచ్చినచో బస ఎచ్చట, మరుగుదొడ్డి ఎచ్చట, తిరిగిపోవు బస్సు ఎప్పుడు అని ముందే చూడుడు. మూడు పూటల భోజనమునకు అగు ఖర్చు పెద్దది కాదు. అన్ని వాడలకు వారిని పోనిండు. పెద్ద వీధినుండి మాత్రమే పట్టిన నీరు ఊరి నీరు కాదు. ముఖ్యముగ, ఫలితమును గ్రామసభలో చదివింపుడు, అది చేదుగ నున్నను సరే. పరీక్షకు వచ్చినవారిలో మీ ఊరి బిడ్డయే యుండినచో, ఆమెను తరువాతి చదువునకు పంపుటకు తండ్రి వెనుకాడుచుండినచో, ఆ తండ్రితో మీరు మాట్లాడవలెను. మేము మాట్లాడినచో ఉపన్యాసమగును. మీరు అరుగుమీద కూర్చుండి మాట్లాడినచో వినును.

మధ్యాహ్నము రెండు గంటలకు నీటి సరఫరా శాఖవారు వెనుక గదిలో పరీక్షపెట్టెను విప్పి చూపెదరు. ఊరినుండి సీసాలో నీరు తెచ్చినవారు భోజనమునకు ముందే తమ పేరు, నీరు పట్టిన చోటు, పట్టిన వేళ పుస్తకములో వ్రాయింపవలెను. సీసా కడుగక తెచ్చినవారు ఆ మాటయు వ్రాయింపవలెను.